టొలెడోలో గుర్తొచ్చిన రామప్ప

సంపాదకులకు నమస్కారం.

స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో ఉంటున్న మా అబ్బాయి మమ్మల్ని గైడ్‌తో ఒకరోజు టూరుకు టొలెడో పంపాడు. కొండ మీద ఊరు, మూడు వైపులా తాహో నది. ఒక దుకాణంలో ముసలాయన నల్లటి ఉక్కు పలక మీద వెంట్రుకంత బంగారు తీగను చిన్న సుత్తితో పొదుగుతుంటే గైడమ్మ పావుగంట మమ్మల్ని అక్కడే నిలబెట్టింది. నాకు మన కరీంనగర్ వెండి తీగ పని కళ్ల ముందు మెదిలింది. అక్కడి కేథడ్రల్ కట్టడం 1226లో మొదలైంది. మన రామప్ప గుడి 1213 నాటిది!

పోయిన నెల మనవరాలితో వరంగల్ కోటకు వెళ్తే, తోరణాల దగ్గర నాలుగు ముక్కలు చెప్పే మనిషే దొరకలేదు. హన్మకొండ నుంచి వేయిస్తంభాల గుడి, కోట, రామప్ప కలిపి తెలుగు గైడ్‌తో రోజూ ఒక బస్సు నడపమని పర్యాటక శాఖ వారిని కోరుతున్నాను. టికెట్ కొని ఎక్కడానికి మేం సిద్ధం.

- ఒక రిటైర్డ్ టీచర్, హన్మకొండ