మాగ్నమ్ వద్దు పాపా

కర్నూలు,
దసరా వెళ్ళిన గురువారం

పాపకు నాయన ఆశీస్సులు.

మేమిక్కడ క్షేమం. మీ అమ్మ మోకాలు ఎప్పటిలాగే ఉంది, తైలం రాసుకోమంటే రాసుకోదు. ఉల్లి ధర మళ్ళీ పడిపోయింది, చిన్నాయన బస్తాలు మార్కెట్ యార్డులో అట్లే పడున్నాయి. పెద్దత్త కొడుక్కి డోన్ సంబంధం కుదిరేట్టుంది. ఆ మాట చెప్పడానికి వాడే వచ్చి ఇంకో మాట కూడా చెప్పిపోయినాడు. నువ్వు తుపాకీ కొంటున్నావంట, జింకల వేటకంట. అంగట్లో తుపాకీ పట్టుకుని నిలబడిన ఫోటో నీ స్నేహితురాలెవరో పెట్టింటే చూసినాడంట. మీ అమ్మకు చూపించినాడు, నాకు చూపించలేదు.

నేనేమీ అనుకోలేదు, ఊరికే అడుగుతున్నా. ఆదివారం ఆదివారం వచ్చే ఫోన్ ఈమధ్య రావడం లేదు, మేం చేస్తే "తర్వాత చేస్తా నాయనా" అంటావు. పనెక్కువేమోలే అనుకున్నాం. మొన్న గుడికి పోయొస్తా కొండారెడ్డి బురుజు దగ్గర మీ లెక్కల సార్ కనబడి నిన్ను అడిగినాడు. బాగుందని చెప్పినా. చిన్నికి జలుబు తగ్గిందా? రాత్రిపూట చెవులు మూసేట్టు టోపీ పెట్టు.

పెద్దత్త కొడుకు ఇంకోటి కూడా చెప్పినాడు, నువ్వు చూసేది .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అని, అంటే మందు ఎక్కువ పట్టే పెద్ద తూటా తుపాకీ. నీ ఆఫీసు వాళ్ళెవరో "కొంటే పెద్దదే కొను" అన్నారంట. ఇదే నాకు నిద్ర పట్టనియ్యలేదు. నేను బెటాలియన్‌లో తుపాకీలు బాగుచేసే ఆర్మరర్‌గా చేసినోణ్ణి, నా కూతురికి తుపాకీ గురించి ఎవరో చెప్పడమేందమ్మా?

అది 1963లో వచ్చిన తూటా. కొండల మీద దూరంనుంచి ఎల్క్ లాంటి పెద్ద జంతువుల్ని కొట్టేవాళ్ళకు పనికొస్తుంది. అమెరికాలో మీ విస్కాన్సిన్‌లో తిరిగేది తెల్లతోక జింక. చెట్ల మధ్యలో వంద గజాల దూరం దొరికితే ఎక్కువే. ఒకే బరువున్న తుపాకీల్లో చూస్తే మామూలు .308 తూటా కన్నా మాగ్నమ్ పేలినప్పుడు భుజాన్ని దాదాపు ఒకటిన్నర రెట్లు వెనక్కి తంతుంది. సరిగ్గా పట్టకపోతే గురి చూసే స్కోపు వచ్చి కనుబొమ మీద తగుల్తుంది. నీ భుజం సంగతి నాకు తెలుసు, సిలిండర్ జరపాలంటేనే అల్లుణ్ణి పిలుస్తావు.

ఆలూరు తట్టునుంచి ఒక పిల్లోడు రిక్రూట్‌గా వచ్చినాడు. ఆరడుగుల మనిషి, జొన్నరొట్టె తిని పెరిగిన ఒళ్ళు, మెస్సులో అన్నం పెట్టేవాళ్ళు వాణ్ణి చూస్తేనే భయపడేవాళ్ళు. వాళ్ళ నాయన వేరుశనగ వేస్తే సగం కృష్ణజింకలే తినేవంట, రాత్రుళ్ళు డబ్బాలు కొట్టి తోలుకునేవాళ్ళంట. 1972 వన్యప్రాణి చట్టం ఉందాయె, చెయ్యెత్తితే జైలు. మీ దగ్గరేమో సర్కారే లైసెన్సు అమ్మి కొట్టమంటుంది, దేశానికొక తీరు. సరే, వాడి సంగతి. ఫైరింగ్ రేంజ్‌లో త్రీ నాట్ త్రీ ఎన్‌ఫీల్డు రైఫిల్ ఇస్తే అన్ని గుండ్లూ కిందికే పోతున్నాయి. టార్గెట్ నడిమధ్య మాట అట్లుంచు, టార్గెట్ కాళ్ళకు కూడా తగల్లేదు. ఆర్ఎస్సైకి కోపమొచ్చి రైఫిల్ బాగలేదని నా దగ్గరికి తెచ్చినాడు. బోల్టు, అంటే తూటాను లోపలికి తోసి వెనక మూసే కడ్డీ, దాని నంబరూ రైఫిల్ నంబరూ కలిసినాయి. (ఎన్‌ఫీల్డులో ఒకదాని బోల్టు ఇంకోదానికి ఊరికే వెయ్యకూడదు, తూటా కూర్చునే కొలత తేడా వస్తుంది. ఇది తెలియక ఒకాయన ఏం చేసినాడో ఇంకోసారి చెప్తా.) బారెల్ శుభ్రం, సైటు శుభ్రం. నేనే పండుకుని కాల్చినా, గుండ్లన్నీ ఒకచోటే పడినాయి.

అప్పుడు వాడికి తెలియకుండా మ్యాగజైన్‌లో నిజం తూటాల మధ్య పేలని డ్రిల్ రౌండ్లు కలిపి ఇచ్చినా. మొదటిది పేలింది, భుజం అదిరింది. రెండోసారి ట్రిగ్గర్ నొక్కినాడు, చప్పుడు లేదు. చప్పుడు లేకపోయినా బారెల్ జానెడు కిందికి వంగింది! కళ్ళు రెండూ గట్టిగా మూసుకున్నాడు. దెబ్బ రాకముందే వాడి ఒళ్ళు దెబ్బకు కాచుకుంటోంది. చుట్టూ ఉన్నోళ్ళు నవ్వినారు, వాడు తల ఎత్తలేదు. సాయంత్రం రూముకు వచ్చి "సార్, ఇంటికి పంపిస్తారా" అని ఏడ్చినాడు. ఖాళీ రైఫిల్ బారెల్ మీద రూపాయి బిళ్ళ పెట్టి, అది కింద పడకుండా ట్రిగ్గర్ నొక్కమన్నా. రోజూ అదే పని. అవ్వ పంపిన అరిసెలు కూడా వాడికే పెట్టేవాణ్ణి, నువ్వు అలిగేదానివి, గుర్తుందో లేదో. పాసింగ్ అవుట్‌కు వాడి గుండ్లు అరచేతిలో పట్టేంత దగ్గరగా పడినాయి. ఇప్పుడు ఎక్కడో హెడ్ కానిస్టేబులు, ఇద్దరు పిల్లలు.

ఆ పిల్లోడికే త్రీ నాట్ త్రీ దెబ్బకు కళ్ళు మూతపడితే నీకు మాగ్నమ్ ఎందుకు? గుండు ఎంత పెద్దదైనా పడాల్సిన చోట పడకపోతే జింక కడుపులో దెబ్బతో రాత్రంతా తిరిగి ఎక్కడో చచ్చిపోతుంది. అంతకన్నా పాపం ఇంకోటి లేదు. ముందుకాలి వెనక, ఊపిరితిత్తుల మీద పడాల.

నా మనసు .308 మీదికే పోతుంది. 1952నాటి తూటా, మా బెటాలియన్ ఇషాపూర్ రైఫిల్‌లో వేసే 7.62 తూటాకి దాయాది. ఎక్కడైనా దొరుకుతుంది, 150 గ్రెయిన్ల గుండుకు జింక నిలబడదు. కానీ నీ భుజం నా భుజం కాదు. ఇంకా మెత్తంది కావాలంటే 6.5 క్రీడ్‌మూర్ చూడు, 2007లో వచ్చింది, ఇప్పుడు చాలా కంపెనీలు దానికి తుపాకీలు చేస్తున్నాయి. .243 వీటన్నిటికన్నా తక్కువ తంతుంది, జింకకు చాలు కూడా, కాకపోతే గుండు చిన్నది, గురి తప్పితే క్షమించదు. మొదటి తుపాకీ కాబట్టి నన్నడిగితే 6.5. .270, .30-06 మంచివే, వాటి కథ ఇప్పుడొద్దు.

బోల్టు నీకు ఎడమవైపే ఉండాల. ఎడమచేతి పిల్లవని అవ్వ ఎంత గొడవ చేసినా నేను మార్చనియ్యలేదు, ఇప్పుడు అంగట్లో కుడివైపుది అంటగడితే తెచ్చుకోవద్దు. సావేజ్, టిక్కా వాళ్ళు ఎడమచేతివి చేస్తారు. ఏ కన్నుతో గురి చూస్తావో ముందు పరీక్షించుకో. భుజానికి ఆనించే బట్టు పొడుగైతే చెయ్యి చాలక మెడ చాచాల్సి వస్తుంది, పొట్టి బట్టుది అడుగు. సేఫ్టీ వేసి ఉన్నప్పుడు కూడా బోల్టు తెరుచుకునే రకం తీసుకో, తూటాలు బయటికి తీసేటప్పుడు చెయ్యి ట్రిగ్గర్ దగ్గరికి పోయే పనుండదు.

ఉపన్యాసం ఇవ్వకూడదనే కూర్చున్నా. అయినా కొన్ని చెప్పకపోతే నాకు అన్నం దిగదు. నీ గ్రీన్ కార్డు వచ్చిందా? వీసా మీద ఉన్నోళ్ళు తుపాకీ ఉంచుకోవడానికి అక్కడి కేంద్ర చట్టం ఒప్పుకోదు, చెల్లే వేట లైసెన్సు ఉంటేనే మినహాయింపు. వకీలును అడిగి కొను, అంగడోడి మాట నమ్మొద్దు. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినోళ్ళకు మీ రాష్ట్రంలో లైసెన్సు కోసం వేట క్లాసు ఉందంట, అది ఎగ్గొట్టొద్దు. నారింజ రంగు చొక్కా వేసుకోకుండా అడవిలో అడుగు పెట్టొద్దు, నడుము పైన సగమన్నా ఆ రంగు గానీ మెరిసే గులాబీ రంగు గానీ ఉండాలని చట్టమే చెబుతోంది. మంచె ఎక్కితే బెల్టు కట్టుకో. తుపాకీ మెడకేసుకుని నిచ్చెన ఎక్కొద్దు, తూటాలు తీసేసి తాడుతో పైకి లాక్కో. మాంసం తినేముందు పరీక్ష చేయించు, మీ తట్టు జింకలకు ఏదో మెదడు జబ్బు 2002లో బయటపడిందంట. మీ అమ్మకు ఇది చెప్పలేదు.

చిన్ని ఇంట్లో ఉంది పాపా. బెటాలియన్‌లో రాత్రికి బోల్టులు ఒకచోట, రైఫిళ్ళు ఒకచోట, తూటాలు ఇంకోచోట పెట్టి తాళాలు వేరువేరు మనుషుల దగ్గర ఉంచేవాళ్ళం. నువ్వూ అట్లే చెయ్. బోల్టు తీసి నీ నగల బీరువాలో పెట్టు. తుపాకీ అల్లుడి తాళం కింద ఉండనీ. చిన్నికి ఐదేళ్ళే అని అనుకోవద్దు, నీకు ఐదేళ్ళప్పుడే ట్రంకుపెట్టె గడియ తీసి నా బెల్టు నడుముకు కట్టుకుని వీధిలోకి పోయినావు.

ఎందుకు పోవాలనిపించిందో నేను అడగడం లేదు. నువ్వు వేటకు పోయే పొలం వాళ్ళు ఎవరు, నీతోపాటు ఎవరు వస్తారు, అంత చలిలో ఎంతసేపు కూర్చుంటావు, అల్లుడు ఏమన్నాడు, ఇవి మాత్రం రాయి. ఫోనులోనైతే "సరేలే నాయనా" అని పెట్టేస్తావనే ఇంత రాసినా. ఈ కాగితాలు ఫోటో తీసి పెద్దత్త కొడుకే పంపిస్తాడు, ఏ పేజీ అన్నా అందకపోతే వాణ్ణి అడుగు.

కొనేముందు ఒకసారి అద్దెకు తీసుకుని రేంజ్‌లో కాల్చి చూడు. చెవులకు మఫ్‌లు పెట్టుకో, నాకిప్పుడు ఎడమ చెవి సరిగా వినబడదు, తెలుసు కదా. ఈ ఆదివారం మీ రాత్రి తొమ్మిదికి ఫోన్ చెయ్, మేం మేలుకునే ఉంటాం. లేదంటే నేనే చేస్తా.

ఇట్లు,
మీ నాయన

మరిచినా: భుజానికి పెట్టుకునేందుకు దూదిపెట్టి గుడ్డ దిండు కుట్టిస్తానంటోంది మీ అమ్మ. వద్దన్నా వినలేదు, దర్జీ దగ్గరికి పోయింది. కొలత రాసి పంపు, ఎడమ భుజానికే అని గట్టిగా చెప్పినా.