నువ్వు 21 అంటున్నావు, చెల్లెమ్మ 22 అంటోంది

ఒరేయ్ బుజ్జీ,

నీ మెయిలూ, "మేమెలా కలిశాం" అని నువ్వు రాసిన నాలుగు పేజీలూ, నువ్వు చేసుకోబోయే చెల్లెమ్మ విడిగా రాసిన పేజీన్నరా అన్నీ చదివాను. ఇద్దర్నీ ఒకరిది ఒకరు చూసుకోకుండా రాయమన్నందుకు మంచి పనే అయింది. నీది చదువుతుంటే ఇంటర్వెల్ ఎక్కడ పడుతుందా అని చూశాను. గోదావరి గాలి, వెన్నెల, పట్టుపరికిణీ, ఆగిపోయిన కాలం... ఆవిడది కరెంటు బిల్లులా ఉంది. తారీఖు, ఊరు, ఎవరెవరున్నారు, అంతే. ఏమీ అనుకోకు గానీ కాబోయే భార్యని అమెరికాకి రప్పించుకునే కె-1 వీసాకి పనికొచ్చేది ఆవిడదేరా.

ఆ వీసా కోసం నువ్వు వేసే ఐ-129ఎఫ్ ఫారం చదివేవాడికి మీ ప్రేమ లోతు కొలిచే పని లేదు. నువ్వు అమెరికా పౌరుడివా (గ్రీన్ కార్డు ఉంటే చాలదు, నీకు ఆ బాధ లేదు), ఇద్దరికీ పెళ్లి చేసుకునే అర్హత ఉందా, ఫైల్ చేసే రోజుకి వెనక రెండేళ్లలో ఒక్కసారైనా ఎదురెదురుగా కలిశారా, ఆవిడ దిగిన 90 రోజుల్లో పెళ్లి చేసుకునే ఉద్దేశం నిజమేనా, ఇవీ వాడు చూసేవి. వీడియో కాల్ కలవడం కిందికి రాదు, వెయ్యి గంటలు మాట్లాడినా సరే. ఆచారం ఒప్పుకోదు కాబట్టి కలవలేదని మినహాయింపు అడిగే దారి చట్టంలో ఉంది. మనవాళ్లకి అది అతకదు. పెళ్లిచూపులే మన ఆచారమైనప్పుడు చూసుకోలేదని ఎలా చెబుతాం?

ఇప్పుడు నీ మొదటి తప్పు. నువ్వు మొదట కలిసింది 2024 ఫిబ్రవరి 21 అన్నావు, చెల్లెమ్మ 22 అంది. ఇద్దరూ చెప్పేది రాజమండ్రిలో మీ పిన్ని కూతురి పెళ్లి గురించే. నాకు తెలిసి ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ముహూర్తం రాత్రి రెండు దాటాక కదా, శుభలేఖ మీద "21వ తేదీ బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం" అని ఉండే ఉంటుంది. మనకి తెల్లవారితేగానీ రోజు మారదు, ఇంగ్లీషు క్యాలెండరుకి అర్ధరాత్రి పన్నెండుకే మారిపోతుంది. నువ్వు భోజనాల దగ్గర చూసిన గంట పట్టుకున్నావు, ఆవిడ తలంబ్రాలప్పుడు నీతో మాట్లాడిన గంట పట్టుకుంది. మనకిది నవ్వులాట. అక్కడ మాత్రం ఫారంలో ఒక తారీఖు, ఇంటర్వ్యూలో ఇంకో తారీఖు అవుతుంది. "ఫిబ్రవరి 21 రాత్రి భోజనాల దగ్గర పరిచయం, అర్ధరాత్రి దాటాక అంటే 22న మొదటిసారి మాట్లాడుకున్నాం" అని ఇద్దరూ ఒకే మాట రాయండి. అయిపోతుంది.

ఆ పెళ్లి నీ కథకి మొదలే గానీ, రెండేళ్ల షరతుకి పనికిరాదు. ఇప్పుడు ఫైల్ చేస్తే అది రెండేళ్ల అవతల పడింది. నిన్ను కాపాడేది 2025 ఆగస్టు ప్రయాణం. దానికి నీ పేజీల్లో రెండే వాక్యాలిచ్చావు! వెన్నెలకి పేజీన్నర ఇచ్చి, అసలు రుజువుకి రెండు వాక్యాలు. తిరగేసి రాయి.

అక్కడా తారీఖుల గొడవే. నీ బోర్డింగ్ పాస్ మీద డాలస్‌లో ఎక్కిన ఆగస్టు 7 ఉంటుంది, పాస్‌పోర్టులో శంషాబాద్ ముద్ర మీద 9 ఉంటుంది. "7న ఇండియా వెళ్లాను" అని రాస్తే ముద్రతో కలవదు. "7న డాలస్‌లో బయల్దేరి 9న హైదరాబాద్‌లో దిగాను" అని రాయి. నెల పేరు అక్షరాల్లోనే రాయి, ఎక్కడా అంకెల్లో వద్దు. వాట్సాప్ చాట్ ఎక్స్‌పోర్ట్ చేస్తే చెల్లెమ్మ ఫోన్ పెళ్లిచూపుల రోజుని 10/08/25 అంటుంది, నీ ఫోన్ 8/10/25 అంటుంది. ఆవిడ కాగితం అమెరికావాడు చదివితే అక్టోబరు 8. ఆ రోజు నువ్వు డాలస్‌లో ఉన్నావు. ఎక్స్‌పోర్ట్ నీ ఫోన్ నుంచే చెయ్యి, పైన ఒక లైనులో "ఇందులో ముందు నెల, తర్వాత రోజు" అని రాసి పెట్టు.

రెండో తప్పు ఇంకా పెద్దది. పెళ్లిచూపులు అన్న ముక్కే నీ కాగితాల్లో లేదు. పెద్దలు కుదిర్చారంటే ప్రేమ తగ్గిపోతుందని భయమా? జరిగింది నాకు తెలియనిదా? ఏడాది ఫోన్లో మాట్లాడుకున్నారు, ఆవిడ వాళ్లమ్మకి చెప్పింది, వాళ్లమ్మ మీ పిన్ని ద్వారా సంబంధంలా కదిపింది, జాతకాలు చూపించారు, ఆగస్టు 10న మీవాళ్లు పదకొండు మంది వెళ్లి సున్నుండలు తిని వచ్చారు. అలాగే రాయి. పెద్దలు కుదిర్చిన పెళ్లి ఆ ఆఫీసరుకి నేరం కాదు, ఇండియా ఫైళ్లలో రోజూ చూసేదే. దాచావనుకో, "ఇద్దరే ప్రేమించుకున్నారు" అన్న కథ పక్కన అరవై మంది బంధువులతో నిశ్చితార్థం ఫొటోలు చూసి, మరి వీళ్లంతా ఎక్కణ్ణుంచి వచ్చారని వాడికి అనుమానం వస్తుంది. పెళ్లిచూపులు, జాతకాలు అనే మాటలకి ఒక్కో వాక్యంలో అర్థం చెప్పి ముందుకు పో, పురాణం వద్దు.

ఫారంలో పెళ్లి సంబంధాలు కుదిర్చే అంతర్జాతీయ బ్రోకరు ద్వారా కలిశారా అని ఒక ప్రశ్న ఉంటుంది. మీకు అది "కాదు". ఆవిడ ప్రొఫైల్ ఏదో మ్యాట్రిమోనీ సైట్‌లో ఉన్నా మీరు కలిసింది దాని ద్వారా కాదు కాబట్టి దాని జోలికి వెళ్లకు.

నీ రెండో పేజీని ఇలా కుదించి చూశాను, ఇంగ్లీషు నువ్వే చేసుకో:

"2025 ఆగస్టు 7న డాలస్‌లో బయల్దేరి 9న హైదరాబాద్ చేరాను (బోర్డింగ్ పాస్, పాస్‌పోర్టు ముద్ర జతచేశాను). ఆగస్టు 10న మా అమ్మానాన్నలతో ఆమె ఇంటికి వెళ్లాను. ఇరు కుటుంబాలూ కలిసి మాట్లాడుకునే ఆ కలయికని పెళ్లిచూపులు అంటారు. మేమిద్దరం అప్పటికే పదిహేడు నెలలుగా ఫోన్లో మాట్లాడుకుంటున్నాం. ఆ సాయంత్రం మేడ మీద ఆమెని పెళ్లి చేసుకుంటావా అని అడిగాను, ఆమె ఒప్పుకుంది. ఆగస్టు 17న మా నిశ్చితార్థం జరిగింది. ఇది పెళ్లి కాదు. పెళ్లి జరిపించాలని ఇరువైపులా మాట ఇచ్చుకునే వేడుక. 24న తిరిగి బయల్దేరాను."

ఇంత చాలు. మొత్తం కలిపి పేజీన్నర, రెండు పేజీలు దాటకు. "మేడ మీద" తీసెయ్యకు. అలాంటి చిన్న గుర్తు ఇద్దరికీ ఒకేలా తెలిసి ఉంటుంది, బట్టీ పట్టక్కర్లేదు.

"ఇది పెళ్లి కాదు" అన్న వాక్యం ఎందుకు పెట్టానో చెబుతాను, ఎందుకంటే నువ్వు పంపిన నలభై ఫొటోలు చూసి గుండె ఆగినంత పనైంది. కె-1 ఇచ్చేది పెళ్లి కాబోయేవాళ్లకి. పెళ్లయిపోయిందని తోస్తే ఈ దారి మూసుకుపోతుంది, అప్పుడు పెళ్లయిన భార్య కోసం వేసే ఐ-130 వేసి మళ్లీ మొదట్నుంచి. మన నిశ్చితార్థాలు ఈమధ్య పెళ్లికన్నా ఘనంగా చేస్తున్నాం కదా, చూసేవాడికి తేడా ఎలా తెలుస్తుంది? ఏడో ఫొటోలో మీరిద్దరూ దండలు మార్చుకుంటున్నారు. పన్నెండులో చెల్లెమ్మ పాపిట్లో కుంకుమ ఉంది. పంతొమ్మిదిలో వెనకాల ఫంక్షన్ హాల్ వాళ్లు ముందురోజు పెళ్లికి కట్టిన "శుభవివాహం" ఫ్లెక్సీ సగం కనిపిస్తోంది! మీ పేర్లతో "నిశ్చితార్థం" అని రాసున్న బోర్డు ముందు దిగినవి ఐదున్నాయి, అవి పెట్టు. తాంబూలాలు మార్చుకునేది, ఉంగరాలు తొడుక్కునేది, ఇద్దరి తల్లిదండ్రులతో ఉన్నది పెట్టు. దండల ఫొటో దాచమనడం లేదు. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కానీ తాళి, మెట్టెలు, జీలకర్ర-బెల్లం, తలంబ్రాలు, ఏడడుగులు ఏవీ జరగలేదని వివరణలో ఒక పేరా రాసి, పెళ్లి అంటే అవీ అని చెప్పు. పురోహితుడి దగ్గర "నేను జరిపించింది నిశ్చితార్థమే" అని సంతకంతో ఒక ఉత్తరం తీసుకుంటే ఇంకా మంచిది.

లగ్నపత్రిక అనువాదం ఎవరు చేశారురా? "వివాహ నిశ్చయ తాంబూలములు" అన్నదాన్ని "మ్యారేజ్ సెరిమొనీ" అని పెట్టారు. నీ ఫైల్‌ని నువ్వే ముంచుకునే మాట అది. నిశ్చయం అన్న ముక్కే అందులో ప్రాణం. తెలుగు కాగితం ఏది పెట్టినా పూర్తి ఇంగ్లీషు అనువాదం ఉండాలి. చేసినవాళ్లు "నాకు రెండు భాషలూ వచ్చు, ఇది సంపూర్ణం, సరైనది" అని రాసి సంతకం పెట్టాలి. నువ్వూ చెల్లెమ్మా కాకుండా మూడోవాళ్లతో చేయించు.

చాట్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినంత మాత్రాన "తిన్నావా" ఇంగ్లీషు అయిపోదు. ఎనిమిది వందల పేజీలు ప్రింటు తీయకు, చదివేవాడూ లేడు, అనువాదం చేసేవాడూ లేడు. నెలకి ఒక పేజీ చొప్పున తీసుకో, అందులో ప్రయాణం, జబ్బు, ఉద్యోగం, ఇంటి విషయాలు ఉన్న రోజులు చూసుకో. రాత్రి రెండింటి ముద్దుమాటలు మీ దగ్గరే ఉంచుకోండి. నాకు మీ చాట్‌లో బాగా నచ్చింది 2024 నవంబరు ముక్క. వాళ్ల నాన్నగారికి స్టెంట్ వేసిన వారం నువ్వు గంటగంటకీ రిపోర్టులు అడిగావు. ప్రేమ రుజువు చేయాలంటే ఆ పేజీ చాలు, కాలం ఆగిపోనక్కర్లేదు.

మిగతావి గబగబా. ఫీజు 2024 ఏప్రిల్ 1 నుంచి 675 డాలర్లు, పంపే రోజు అమెరికా వలస శాఖ (యూఎస్‌సీఐఎస్) సైట్‌లో ఫీజూ, ఫారం ఎడిషన్ తేదీ మళ్లీ చూసుకో. పాత ఎడిషన్ పంపితే మొత్తం తిరిగొస్తుంది. ఇద్దరివీ రెండంగుళాల చదరపు ఫొటోలు కావాలి. 90 రోజుల్లో పెళ్లి చేసుకుంటామని ఇద్దరూ విడివిడిగా సంతకం చేసిన ఉత్తరాలు కావాలి. నీ పాత పెళ్లి విడాకుల డిక్రీ తప్పకుండా పెట్టు, దాని గురించి చెల్లెమ్మకి తెలుసని వివరణలోనూ ఉండాలి. తర్వాత ఆవిడ ఖర్చులకి నీది పూచీ అని ఇచ్చే ఐ-134కి నీ ఆదాయం అమెరికా ప్రభుత్వం లెక్కగట్టే పేదరిక రేఖ, అంటే పావర్టీ గైడ్‌లైన్‌కి నూరు శాతం ఉంటే సరిపోతుంది, పెళ్లయ్యాక గ్రీన్ కార్డు కోసం అలాంటి పూచీయే ఇచ్చే ఐ-864కి 125 శాతం. అప్రూవల్ నాలుగు నెలలే చెల్లుతుంది (కాన్సులేట్ వాళ్లు పొడిగించగలరు), కాబట్టి చెల్లెమ్మ పోలీస్ క్లియరెన్స్ సంగతి నిద్రపోకుండా చూసుకోవాలి.

ఇంటర్వ్యూకి వెళ్లేది ఆవిడే. నువ్వు పంపిన ప్రతి కాగితం నకలూ ఆవిడ దగ్గరుండాలి, చదివి ఉండాలి. ఇంకొకటి మెల్లగా చెప్పు. ఆవిడ నీ గురించి "మా ఆయన" అంటుంది. నాతో ఫోన్లో మూడుసార్లు అంది. వినడానికి ముచ్చటగానే ఉంది గానీ ఇంగ్లీషులో అది "మై హస్బెండ్" అయి బయటికొస్తే ఏడో నంబరు ఫొటో కన్నా ప్రమాదం. మీ అమ్మని అత్తయ్య అంటే అనుకోనీ, ఇంగ్లీషులో మాత్రం "ఆయన తల్లి" అనమను.

ముహూర్తం సంగతి మీ నాన్నగారితో ఇప్పుడే మాట్లాడు. ఆవిడ దిగిన రోజు నుంచి 90 రోజులు, అవి పొడిగించరు. అందులో ఆషాఢమో, మూఢమో పడితే పంతులుగారు ముహూర్తం లేదంటారు, గడువు మాత్రం ఆగదు. వీసా చేతికొచ్చాక ఆరు నెలల దాకా ప్రయాణానికి సమయం ఉండొచ్చు, పంచాంగం చూసుకుని టికెట్ కొనండి. కుదరకపోతే ముందు కౌంటీలో పెళ్లి, తాళి తర్వాత. మీ టెక్సస్‌లో లైసెన్సు తీసుకున్నాక 72 గంటలు ఆగాలి, కాబట్టి 89వ రోజున పరిగెత్తితే లాభం లేదు. రాజమండ్రిలోనే ఘనంగా చెయ్యాలని మీ అమ్మ పట్టుబడితే మాత్రం ఈ ఫారం పక్కన పడేసి, పెళ్లి చేసుకుని, ఐ-130 వెయ్యి. రెండూ కావాలంటే కుదరదు.

కొత్త డ్రాఫ్ట్ ఆదివారంలోగా పంపు. ఆ శుభలేఖ మీ పిన్ని బీరువాలో ఉంటుంది, ఫొటో తీసి పంపమను. రెండో పేజీ కూడా, ముహూర్తం రాసుండేది అక్కడే.

నీ,
సుబ్బు