వెండి తీగల కబుర్లు

ఒరేయ్ శీనూ,

"వెండితో పనంటున్నావు, పట్టీలు చేస్తున్నావా ఏంటి?" అని వెక్కిరిస్తావా! సరే, విను.

రోజూ నువ్వు షాపులో మార్చే ఫోన్ కాంబోల్లో, అదే డిస్‌ప్లే, టచ్ కలిసొచ్చే ముక్కల్లో, టచ్ పనిచేసేది కంటికి కనపడని ఒక పొర వల్ల. అది వెలుతురునూ పోనివ్వాలి, కరెంటునూ మోయాలి. ఇన్నాళ్లూ ఆ పని ఎక్కువగా చేస్తున్నది ఇండియం టిన్ ఆక్సైడ్. పనితనంలో వంక పెట్టలేం గానీ ఉత్త పెళుసురా. ప్లాస్టిక్ మీద వేసి రెండు మూడు శాతం సాగదీస్తే చాలు, పగుళ్లే. పైగా ఇండియం అనే లోహం చాలావరకు జింకు శుద్ధి చేసేటప్పుడు వెంట వచ్చే సరుకు, కావాలన్నంత విడిగా తీసుకోలేం.

మేం వాడేది వెండి నానో తీగలు. ఇథిలీన్ గ్లైకాల్‌లో సిల్వర్ నైట్రేట్, పీవీపీ అనే పాలిమర్ వేసి 160 డిగ్రీల దగ్గర కాస్తాం. ముందు పసుపు రంగు, పోనుపోను బూడిద రంగు. తీగలు కుదిరాయంటే ఫ్లాస్కు తిప్పగానే లోపల పట్టుచీర మడతలా తళుకు కదులుతుంది. అది చూశాకే నా టెన్షన్ తగ్గేది! ఒక్కో తీగ మందం 100 నానోమీటర్ల లోపే, పొడవు మాత్రం 10, 20 మైక్రాన్లు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు మైక్రాన్, అందులో వెయ్యో వంతు నానోమీటర్). ప్లాస్టిక్ మీద పూస్తే చిందరవందరగా పడతాయి. ఖాళీల్లోంచి వెలుతురు, తీగల వెంట కరెంటు.

అసలు చిక్కంతా తీగ మీద తీగ పడేచోట. తీగలకి అంటుకున్న పీవీపీ పొర మధ్యలో కరెంటుకి అడ్డం. వేడి చేసి అతికించొచ్చు గానీ ప్లాస్టిక్ ఎక్కువ వేడికి ఆగదు. 2012లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు వెలుతురుతోనే ఆ కూడళ్లను అతికించి చూపించారు. నాకు భలే నచ్చిన పని అది.

ఇంకో బాధ, మీ చెల్లి పట్టీలు నల్లబడినట్టే ఇవీ గాలిలోని గంధకానికి నల్లబడతాయి. ఇంత సన్నని తీగకి అది చావుదెబ్బ. అందుకే పైన జింక్ ఆక్సైడ్ పొర వేస్తాం. గాలిని ఆపుతుంది, కూడళ్లను పట్టి ఉంచుతుంది, తీగల మధ్య ఖాళీల్లోనూ కరెంటుకి దారిస్తుంది. ఉత్త టచ్‌కైతే ఆ చివరిది అంత అవసరం లేదు, సోలార్ సెల్‌కి కావాలి. కానీ ఇదీ ఆక్సైడే కదా, మందం పెరిగితే మళ్లీ పగుళ్లు! పల్చగా వేస్తే గాలి దూరుతుంది. మా రీసెర్చ్ గైడుకీ నాకూ రోజూ గొడవ దీని మీదే. నేను పల్చటి పొర పక్షం.

అన్నట్టు, పగిలిన పాత టచ్ గ్లాసులు పారేయకు. కొరియర్‌లో పంపు, పోల్చి చూడ్డానికి కావాలి. డబ్బులు అడిగావో, చూడు మరి!

నీ
రవి