బత్తాయి మీద త్రిభుజం

తణుకు,
మంగళవారం

చిరంజీవి అమ్మలుకి నాన్న ఆశీర్వదించి రాసేది. ఉభయకుశలోపరి.

ఇక్కడ అంతా బాగానే ఉంది. బోరు మోటారు మళ్లీ కాలిపోతే సత్తిబాబు వైండింగ్ చేయించుకొచ్చాడు. మొన్నటి గాలికి పెరట్లో మునగచెట్టు విరిగింది. మీ అమ్మ మోకాలు నొప్పి తగ్గిందంటోంది, మెట్లెక్కేటప్పుడు మాత్రం అనట్లేదు. ఈ ఏడు ఆవకాయ రెండు జాడీలే. నీ వంతు వేరే తీసిపెట్టింది. ఆదివారం నువ్వు ఫోన్ చేస్తావని తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాం. అంతకుముందు ఆదివారం కూడా. పని ఎక్కువై ఉంటుందిలే.

మంగత్త వచ్చి వెళ్లింది. బుజ్జి చెప్పిందట, నువ్వు ఆఫీసులో పేపర్లు పెట్టేశావని, జూన్ నుంచి ఏదో బడిలో లెక్కలు చెప్తావని. మంగత్త సంగతి నీకు తెలిసిందేగా. నేను పట్టించుకోలేదు. అందుకని రాస్తున్న ఉత్తరం కాదిది. వరండాలో ఊరికే కూర్చుంటే రాయబుద్ధేసింది.

అయినా ఒక మాట. పీఎఫ్ మాత్రం తియ్యకు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే టాక్స్ పడుతుంది, నీకింకా నాలుగు నెలలుంది. ఆఫీసు వాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది, విడిగా ఒకటి తీసుకోవాలి. సర్కారు బడి అనుకుంటే బీఈడీ రెండేళ్లు, ఆపైన టెట్, ఆపైన డీఎస్సీ. అది ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలియాలి. ప్రైవేటు బడి అయితే జీతం ఎంతో ముందే కాగితం మీద రాయించుకో. నేను ఊరికే చెప్తున్నాను.

ఉగాది నాటి మాట కూడా నేను మర్చిపోయాను. జీతం తగ్గితే ఈఎంఐ కట్టలేవు, కట్టకపోతే ఫ్లాటు నిలవదు, ఫ్లాటు లేకపోతే రేపు నీకంటూ ఏముంటుంది అన్నాను. ఎక్కడా మెట్టు తప్పలేదు. నువ్వు చెయ్యి కడుక్కుంటూ, "నాన్నా, నీ ఉపపత్తి బాగానే ఉంది, దత్తాంశమే తప్పు" అన్నావు. ముప్పై ఆరేళ్లు లెక్కల మాస్టారుగా చేసినవాడితో అనే మాటేనా అది, నలుగురి ముందు? పెద్దమామయ్య నవ్వాడు కూడా. దత్తాంశం అంటే లెక్కలో ముందే ఇచ్చిన విషయమని ఆయనకి తెలియదు, అయినా నవ్వాడు.

ఆ రాత్రి నాకు బత్తాయి గుర్తొచ్చింది. నువ్వు తొమ్మిదో క్లాసు. త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని బోర్డు మీద నిరూపించాను. శీర్షం గుండా భూమికి, అంటే కింది భుజానికి, సమాంతరంగా గీత గీయడం, ఏకాంతర కోణాలు సమానమనడం, అయిపోయింది. సాయంత్రం నువ్వు వంటింట్లోంచి బత్తాయి పట్టుకొచ్చావు. నడుం చుట్టూ పెన్నుతో ఒక గీత, పైన తొడిమ దగ్గర్నుంచి కిందికి పావు చుట్టు ఎడంలో రెండు గీతలు. మూడు మూలల్లోనూ లంబకోణమే. "270 వచ్చింది నాన్నా" అన్నావు. బంతి మీద సరళరేఖ ఎలా ఉంటుందే అన్నాను. "దాని మీద నడిచే చీమకి అదే సరళరేఖ కదా" అన్నావు. నాకు జవాబు రాలేదు. సిలబస్‌లో లేదు, పరీక్షలో రాయకు అన్నాను. నువ్వు ఊరుకుంటావా! క్వార్టర్లీ పరీక్షలో సిద్ధాంతానికి ముందు "కాగితం చదునుగా ఉన్నప్పుడు" అని ఒక వాక్యం చేర్చావు. పేపర్లు దిద్దింది నేనే. పుస్తకంలో లేని మాట అని అర మార్కు కోశాను. మీ అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఇంకు గీతల బత్తాయి తొక్క వొలిచి నాకే పెట్టింది.

నిజానికి ఆ అర మార్కు కోయాల్సింది కాదు. బత్తాయి మీద అసలు సమాంతర రేఖలే ఉండవు. ఏకాంతర కోణాలు సమానమని నేను బోర్డు దగ్గర ధీమాగా అన్నది యూక్లిడ్ ఐదో స్వీకృతం పుణ్యమా అని వచ్చింది, అంటే ఒక బిందువు గుండా సమాంతర రేఖ ఒక్కటే అని నిరూపణ లేకుండా ఒప్పుకున్న మాట. దాన్ని మిగతావాటి నుంచి రాబట్టాలని రెండు వేల ఏళ్లు తంటాలు పడ్డారు. ఫర్కాష్ బోయాయి అని హంగేరియన్, నాలాగే లెక్కల మాస్టారు, ఆయన కూడా పడ్డాడు. కొడుకు యానోష్ అదే పట్టుకున్నాడని తెలిసి 1820లో ఉత్తరం రాశాడు: ఆ దారి నాకు చివరిదాకా తెలుసు, అటు పోకు, ఆరోగ్యం పోతుంది, మనశ్శాంతి పోతుంది అని. కొడుకు వినలేదు. వినకపోగా, ఒక బిందువు గుండా సమాంతర రేఖ ఒక్కటే ఎందుకుండాలి, చాలా ఉంటే ఏమవుతుంది అని మొదలుపెట్టాడు. ఎక్కడా వైరుధ్యం రాలేదు. త్రిభుజం కోణాలు 180కి తక్కువయ్యే కొత్త రేఖాగణితం వచ్చింది. 1832లో ఆ తండ్రే తన పుస్తకం చివర దాన్ని అచ్చు వేయించాడు. రష్యాలో లొబచేవ్‌స్కీ అప్పటికే అదే కనిపెట్టి ప్రకటించాడు, అది వేరే కథ.

క్లాసులో ఈ కథ చెప్పినప్పుడల్లా పిల్లలు తండ్రిని చూసి నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. కానీ ఆయన అన్నంతా జరిగింది చూడు. ఆ అబ్బాయి ఆరోగ్యం పాడై ముప్పై ఏళ్లకే సైన్యంలో ఉద్యోగం వదిలి పెన్షన్ తీసుకున్నాడు. ఆ సంగతి ఎవరూ చెప్పరు. టైముకి తింటున్నావా?

టీచరుద్యోగంలో ఏముంది అని ఈ ఇంట్లో మొదట అన్నది నేనే. జీతం లేటైన నెలల్లో అన్నాను, ఎలక్షన్ డ్యూటీ నుంచి జ్వరంతో వచ్చిన రోజు అన్నాను, నిన్ను ఇంజనీరింగులో చేర్పించిన రోజు అన్నాను. వాడుకలో పడ్డ మాటని ఎవరూ సరిచూడరు. మొన్న బజార్లో ఒకతను మోటార్ సైకిల్ ఆపి, మాస్టారూ అని కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు. పేరు గుర్తు రాలేదు. లెక్కల్లో నలభై దాటనివాడే అయ్యుంటాడు, బాగా చదివినవాళ్లు ఎవరూ ఆగరు.

మంగత్త చెప్పింది నిజం కాదనే నా నమ్మకం. ఒకవేళ నిజమైతే ఏ క్లాసులకి చెప్పాలో కనుక్కో. కొత్త సుద్దముక్క అయితే సగానికి విరిచి రాయి, కీచుమనదు. బోర్డుకి అడ్డంగా నిలబడకు, నీకు చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. గొంతుకి వేడినీళ్లు ఫ్లాస్కులో పట్టుకెళ్లు.

శుక్రవారం బస్సు పార్సిల్లో ఆవకాయ, కందిపొడి పంపుతున్నాం. అటక మీద నా చెక్క వృత్తలేఖిని ఉంది, బోర్డు మీద గీసే పెద్దది. నిన్న దింపి చూశాను, చెదలు పట్టలేదు. పార్సిల్లో అయితే పెట్టలేదు. పెట్టమంటే గురువారం లోపల ఫోన్ చెయ్యి.

మీ నాన్న