వాసన పోయిందని తారు ముద్దల్ని వదిలేయకండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మాది భైరవపాలెం దగ్గర. మొన్న మా బావ వల ఎండేస్తుంటే అడుగున నిమ్మకాయంత నల్ల ముద్ద ఒకటి అతుక్కుని ఉంది, పైన ఇసక పట్టి రాయిలా ఉంది గానీ గోటితో గీరితే లోపల ఇంకా జిగురే, కిరసనాయిలుతో రుద్దితే గానీ చేతికి వదల్లేదు. అది చూసి ఓ పెద్దమనిషి "వాసన కూడా పోయింది కదయ్యా, ఇంక దాన్లో ఏముంది" అనేశారు. చాలామంది అలాగే అనుకుంటున్నారు, అందుకే ఈ ఉత్తరం.

ముడి చమురు నీళ్ళ మీద పడ్డాక బెంజీన్ లాంటి తేలికవి కొద్దిరోజుల్లో గాల్లో కలిసిపోతాయి, ఆ ఘాటు వాసన వాటిదే. కానీ ఎండకీ అలకీ పాతబడి ఇలా తారు ముద్దగా మారిన చమురులో పీఏహెచ్‌లనే విష రసాయనాలు మిగిలిపోతాయండి, అవి నీళ్ళలోకి కొంచెం కొంచెంగా దిగుతూనే ఉంటాయి. పెద్ద చేప ఒంట్లోకెళ్తే దాని కాలేయం చాలావరకు విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది, గుడ్డుకీ అప్పుడే పుట్టిన పిల్లకీ ఆ శక్తి ఎక్కడిది? గుల్లలకీ అంతే, ఒంట్లోనే పేరుకుపోతాయి.

1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ రాళ్ళకి కొట్టుకుని సుమారు 1.1 కోట్ల గ్యాలన్ల చమురు పోయింది. ఆ తర్వాత పాతబడ్డ చమురుతో పింక్ సాల్మన్ గుడ్ల మీద పరీక్షలు చేస్తే, వంద కోట్ల పాళ్ళ నీళ్ళలో ఆ రసాయనాలు కొన్ని పాళ్ళు ఉన్నా చాలు గుడ్లు చచ్చిపోయాయి. హెర్రింగ్ గుడ్లలో అయితే గుండె చుట్టూ నీరు చేరింది, పిల్లల వెన్ను వంకరపోయింది. పైకి బాగానే ఉన్న సాల్మన్ పిల్లల్ని వదిలితే సముద్రంనుంచి తిరిగొచ్చినవి కూడా తగ్గిపోయాయి. ఇలాంటివి ఒడ్డుకి కొట్టుకొచ్చిన చచ్చిన చేపల లెక్కలో ఎక్కడ కనపడతాయి చెప్పండి.

మనకి తూర్పు గాలులు మొదలయ్యాక మొగల దగ్గర, అంటే గోదావరి సముద్రంలో కలిసే చోట్ల, చీరమేను అనే బుల్లి చేపపిల్లలు పడతాయి కదా, దోసిట్లోకి తీసుకుంటే అద్దం ముక్కల్లా ఉంటాయి, కళ్ళు మాత్రం రెండు నల్ల చుక్కలు, ఒళ్ళంతా వెలుతురు దూరిపోతుంది. అసలు భయం ఇక్కడేనండి, పీఏహెచ్‌లు ఒంట్లో చేరిన ఇలాంటి పారదర్శకమైన పిల్లలకి ఎండ తగిలితే ఆ విషం ఇంకా ఎక్కువవుతుంది. పీతపిల్లా రొయ్యపిల్లా పెరిగేది కోరింగ మడ అడవుల్లో, అక్కడ బురదలోంచి పైకి లేచిన మడవేళ్ళే చెట్టుకి ఊపిరి, వాటికి చమురు పూస్తే చెట్టుకి గాలాడదు, బురదలోకి దిగిందా ఏళ్ళ తరబడి పోదు.

2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు జనం బకెట్లతో ఆ జిడ్డు ఎత్తిపోశారు, టీవీలో అందరం చూశాం. మన దగ్గర అంత పెద్దది జరిగేదాకా ఆగక్కర్లేదు. తారు ముద్దలు ఇసకలో పూడిపోకముందే ఏరించండి, చీరమేను రోజుల్లో మొగల దగ్గర నీళ్ళూ బురదా పరీక్ష చేయించండి, ఎప్పుడైనా చమురు కారితే పరిహారం లెక్క ఆ వారం పోయిన వేటతో ఆపేయకుండా తర్వాతి రెండు మూడేళ్ళ వేట కూడా చూడండి. సంబంధిత అధికారులు మీ పేపర్ ద్వారా అయినా ఇది చదువుతారని ఆశ.

ఆ ముద్దని మా బావ హార్లిక్స్ సీసాలో వేసి ఉంచాడు, పరీక్షకి కావాలని ఎవరొచ్చినా ఇస్తామండి.

ఇట్లు
ఓ మత్స్యకార కుటుంబీకుడు
భైరవపాలెం