పెట్టెలో రాయి ఎక్కడిదని కూడా అడగండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పాముల్ని పెంచి గుడ్లు పొదిగించడం, రకరకాల రాళ్లు పోగుచేయడం, ఈ రెండు సరదాలూ ఉన్నవాణ్ని నేను. రెండూ చక్కగా కలుస్తాయి. పాము ఒంటికి వేడి బయటి నుంచే అందాలి కాబట్టి దీపం కింద కాగిన పలకరాయి మీద గంటలకొద్దీ పడుకుంటుంది. కుబుసం విడిచే ముందు గరుకు రాయికి మూతి రుద్దుకుంటుంది. అందుకే ఏరుకొచ్చిన రాళ్లను పాముల పెట్టెలో అమర్చడమంటే మావాళ్లకు ముచ్చట. ఆ రాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నదే నా బాధ.

ఎండకు బాగా కాగి, అడుగున సన్నటి సందు ఉండే పలకలే మా కంటికి ఆనుతాయి. అడవిలో పాముకు కావలసిందీ అవే. ఒకసారి కొండవాలులో అలాంటి పలక ఎత్తాను. కింద మట్టి మీద చిరగని కుబుసం, పక్కనే రెండు బల్లి గుడ్ల పెంకులు. గబగబా రాయిని మళ్లీ పెట్టాను. ఒక మూల లేచిపోయింది. ఎంత సర్దినా మునుపటిలా కుదరలేదు. ఆ సందు ఎంతుందన్నదాన్ని బట్టే లోపలి వేడి, తేమ ఉంటాయి. ఎన్నేళ్లకు కుదిరిన చోటో, రెండు నిమిషాల్లో పాడుచేశాను.

ఆస్ట్రేలియాలో సిడ్నీ పరిసరాల ఇసుకరాతి కొండల్లో బ్రాడ్‌హెడెడ్ స్నేక్ అనే పాము చలికాలమంతా పలుచటి పలకల కిందే గడుపుతుంది. తోటల అలంకరణకని ఆ పలకల్ని ఎత్తుకుపోవడంతో దాని మనుగడకే ముప్పొచ్చింది. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఇలా రాళ్లు తీసుకుపోవడాన్ని జీవజాతులకు ముప్పు తెచ్చే పనుల జాబితాలో చేర్చారు. శాస్త్రవేత్తలు కాంక్రీటుతో పలకలు పోసి కొండల మీద పెట్టి చూడాల్సి వచ్చింది.

పాము ఎక్కడ పుట్టిందో కాగితాలు అడిగే అధికారులూ, ప్రదర్శనలు పెట్టే సంఘాలూ పెట్టెలోని రాయి గురించి కూడా అడగాలి. క్వారీలో మిగిలిన ముక్కలు, రోడ్డు పనుల్లో తవ్విపోసిన రాళ్లు మాకు చాలు. అవైనా పెట్టె అడుగుకే ఆనాలి. ఇసుక మీద పెడితే కిందకు తవ్వుకుంటూ దూరిన పాము నలిగిపోతుంది. విషపూరితమైన సీసం ఉన్న గెలీనా, పాదరసం ఉన్న సిన్నబార్ లాంటి ఖనిజాలు ఎంత అందంగా ఉన్నా వాటి చోటు అద్దాల బీరువానే.

ఈ నిబంధన వచ్చేదాకా ఆగకుండా, కొండ మీద కుదురుకున్న పలకను కదపవద్దని తోటివాళ్లను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు