నాయనా, ఆ బండి గురించి బెంగ పెట్టుకోవద్దు

నాయనకు, అమ్మకు నమస్కారాలు. మేమిక్కడ టెక్సాస్‌లో క్షేమం. మీరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. అమ్మా, నాయనకు కంట్లో చుక్కల మందు వేళకు వేస్తున్నారా? ఫోన్లో అడిగితే "వేస్తా ఉండాం లే" అని నాయన అంటాడు, వెనక నుంచి నువ్వేదో అంటావు, అది నాకు వినపడదు. అందుకే ఉత్తరం రాస్తున్నా. అక్క కూతురి చేత నిదానంగా చదివించుకోండి.

ఉద్యోగం మామూలే. రాత్రి డ్యూటీలు తగ్గినాయి. ఆయన పని కూడా బాగానే ఉంది.

తమ్ముడు మా బండి ఫొటో చూపించినప్పటి నుంచి నాయనకు నిద్ర పట్టడం లేదని అమ్మ చెప్పింది. "20 ఏళ్ల పాత బండి, దాని వెనక పశువుల ట్రైలరు, దాన్ని ఆడపిల్ల తోలడమేంది" అన్నావంట. నాయనా, సెలవుల్లో కళ్లంలో ట్రాక్టరు నా చేతికిచ్చి రివర్సు నేర్పింది నువ్వు కాదా? వెనక ట్రక్కు ఎడమకు పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పమని చెప్పింది నువ్వే. ఆయనకు ఇప్పటికీ అది కుదరదు. ట్రైలరు వెనక్కి పెట్టాల్సి వస్తే దిగి నాకే ఇస్తాడు. ఆడపిల్ల అన్న మాట నువ్వు అనడం నాకు కష్టంగా ఉంది, ఇంకెవరన్నా అంటే పట్టించుకోను.

అది 2005 నాటి షెవర్లె సిల్వరాడో 2500 హెచ్‌డి అనే పికప్ బండి. 6 లీటర్ల పెట్రోలు ఇంజను, 300 గుర్రాల శక్తి. అట్లాంటిదే కొత్తది కొనాలంటే చాలా అవుతుంది, మాకున్న కాసిని ఆవుల కోసం అంత అప్పు తలకెత్తుకోలేం. ఇంజను గురించి నాకు మొదటి నుంచీ దిగులు లేదు, బరువు లాగడానికే చేసిన బండి అది. నాకు దిగులంతా ఆపడం గురించే. చెరువు కట్ట దిగేటప్పుడు వెనక వడ్ల లోడు ట్రాక్టరును ఎట్లా నెట్టుకుపోయిందో, ఆ తర్వాత చిన్నాయన ఎన్ని నెలలు మంచంలో ఉన్నాడో నేను మర్చిపోలేదు. చేతిలో ఉన్న డబ్బులు ముందు బ్రేకులకే ఖర్చు పెట్టాం.

ఇక్కడ ట్రైలరుకు సొంత బ్రేకులు ఉంటాయి నాయనా. 4,500 పౌన్లు దాటిన ట్రైలరుకు, అంటే మన లెక్కలో 2,000 కిలోల పైన, బ్రేకులు ఉండాలని టెక్సాస్ చట్టం. చక్రం డ్రమ్ములో కరెంటు అయస్కాంతం ఉంటుంది. నేను బ్రేకు తొక్కగానే బండి నుంచి తీగ గుండా కరెంటు పోయి ఆ అయస్కాంతం డ్రమ్మును పట్టుకుంటుంది, దాంతో లైనర్లు బిగుసుకుంటాయి. ఎంత కరెంటు పోవాలో చూసే చిన్న పెట్టె ఒకటి స్టీరింగు కింద బిగించాం. మెల్లగా ఆపితే మెల్లగా, గట్టిగా ఆపితే గట్టిగా పట్టే రకం అది. ఇంకా చౌక రకం ఉంది, అది ఎట్లా తొక్కినా ఒకే లెక్కన పట్టుకుంటుందంట, వద్దన్నాను. బిగించినాక ఖాళీ మట్టి రోడ్డు మీద నిదానంగా పోతా, ట్రైలరు చక్రాలు జారేదాకా పెంచి, మళ్లీ కొంచెం తగ్గించి పెట్టుకున్నాం. లోడు మారినప్పుడల్లా అది మళ్లీ సరిచూసుకోవాలి.

ఆ పెట్టెకే చేత్తో నొక్కే మీట ఒకటుంది. ట్రైలరు పాములాగా అటూ ఇటూ ఊగడం మొదలైతే కాలితో బ్రేకు తొక్కకూడదు. యాక్సిలేటరు మీద కాలు తీసి, స్టీరింగు తిప్పకుండా నిలకడగా పట్టుకుని, ఆ మీట నొక్కితే ట్రైలరు ఒక్కటే వెనక్కి పట్టుకుని దారికొస్తుంది. కొక్కెం ఊడిపోయినా భయం లేకుండా ట్రైలరులోనే చిన్న బ్యాటరీ ఉంది. బండికి కట్టిన సన్న తీగ లాగుడుకు పిన్ను ఊడితే ఆ బ్యాటరీ దానంతట అదే ట్రైలరు బ్రేకులు వేస్తుంది. గొలుసులు రెండూ కొక్కెం కింద కత్తెరలాగా ఒకదానికొకటి అడ్డంగా తగిలిస్తాం. ఊడితే ట్రైలరు మూతి నేలకు తగలకుండా ఆ గొలుసుల మీద ఆగుతుంది.

ఇంకోటి, ట్రైలరు మూతి కూర్చునే ఇనుప బంతి. రెండు అంగుళాలది ఒకటి, దానికంటే కొంచెం పెద్దది, 2-5/16 అంగుళాలది ఒకటి ఉంటాయి. పెద్ద మూతిలో చిన్న బంతి పెట్టినా తాళం పడుతుంది, అంతా సరిగ్గా ఉన్నట్టే కనపడుతుంది, గుంటలో పడగానే ఎగిరిపోతుంది. మాది పెద్దది. బంతి మీద చెక్కిన అంకె నేను చూడకుండా బండి కదలదు.

టైర్లు నాలుగూ మార్చాం. పాతవాటికి అరుగుదల అసలు లేదు, చూస్తే కొత్తవే అనుకుంటారు. కానీ పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఆ పాతవాటి మీద 2312 ఉంది, అంటే 2012లో 23వ వారం. అంత పాత రబ్బరు ఎండకు లోపల్లోపల పగులుతుంది. ఆటోమేటిక్ గేరుబాక్సుకు వేడే శత్రువు, ఇక్కడి ఎండ మన రోహిణి కార్తెకు తక్కువేం కాదు. ఆయిలు మార్పించి, రేడియేటరు ముందు పెద్ద కూలరు పెట్టించాం. గేరుబాక్సు వేడి చూపించే ముల్లు డాష్‌బోర్డులోనే ఉంది. గేరు కడ్డీ చివర లోడు బొత్తం ఒకటుంది, అది నొక్కితే గేర్లు మాటిమాటికీ మారకుండా ఉంటాయి. వెనక కమాన్ పట్టీలు బాగానే ఉన్నాయి.

బస్తాలు వెనక వైపు ఎక్కువ వేస్తే కొక్కెం దగ్గర ఎగదన్నుతుందని నువ్వు అరిచేవాడివి చూడు, ఇక్కడా అదే లెక్క. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు బంతి మీద పడాలి. మా ట్రైలరుకు నిండు బరువు 7,000 పౌన్లు, 3,200 కిలోలకు దగ్గర. అంటే బంతి మీద 320 నుంచి 480 కిలోలు ఉండాలి. తక్కువైతే ఊగుతుంది, ఎక్కువైతే బండి వెనక కుంగి ముందు చక్రాలు తేలికవుతాయి. పశువులు బస్తాల్లాగా ఒకచోట ఉండవు కదా, మధ్యలో గేటు వేసి ముందరి గదిలోకి బరువైన ఆవును తోలుతాం. నాలుగోదానికి చోటున్నా మూడే ఎక్కిస్తాం. మన బియ్యం మిల్లు దగ్గర కాటా వేయించినట్టే హైవే మీద కాటా వేయించి చూసుకున్నాం.

ఆవుల్ని చూస్తే నీకు ఏడుపొస్తుంది నాయనా. బూడిద రంగు, మూపురం, వేలాడే గంగడోలు, మన ఎడ్ల మొహమే. బ్రాహ్మన్ అంటారు. మన ఒంగోలు జాతి, గిర్, గుజరాత్ పశువులు కలిసి ఇక్కడ తయారైన జాతి ఇది. 1924లోనే హ్యూస్టన్‌లో దీనికి సంఘం పెట్టుకున్నారు. బ్రెజిల్‌లో అయితే మన పశువుల్ని నెలోర్ అనే పిలుస్తారు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి వాటి మెడ కింద గోకుతా నిలబడితే ఆ రోజు అలసట తెలీదు. వాటిని ఎవరో కిరాయి బండివాడి చేతిలో పెట్టి పశువుల డాక్టరు దగ్గరికి పంపడం నావల్ల కాదు.

అమ్మా, రొట్టెల పండక్కి నా పేరున స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకోమన్నానని అక్కకు చెప్పు. అది నాకు కాదు, నాయన కళ్లకు.

ఇప్పుడు నా బెంగ చెబుతా వినండి. తమ్ముడు చీకటి పడ్డాక వడ్ల లోడుతో హైవే ఎక్కుతున్నాడంట. మన ట్రాక్టరు ట్రక్కుకు బ్రేకులూ లేవు, వెనక లైట్లూ వెలగవు. చీకట్లో వెనక వచ్చే లారీవాడికి అది ఉన్నట్టే తెలీదు. ఎడగారు పంట కోతలు మొదలయ్యే లోపల వెనక లైట్లు వేయించి, ఎర్ర రేడియం స్టిక్కరు వెడల్పుగా అతికించమను. కొక్కెం పిన్నుకు కమ్మీ ముక్క కాదు, సరైన చీల వేసి, పక్కనే ఒక గొలుసు కూడా కట్టాలి. కట్ట దిగేటప్పుడు చిన్న గేరులోనే దిగాలి, న్యూట్రల్ చేస్తే నేను ఊరుకోనని చెప్పు. డబ్బులు అక్క ఖాతాకు పంపించా, వీటికే ఖర్చు పెట్టాలి. పని అయినాక ట్రక్కు వెనక వైపు ఫొటో పంపమను, లైట్లు వెలుగుతుండగా తీసింది.

చుక్కల మందు అయిపోయే ముందే తెప్పించుకోండి.

మీ పెద్దమ్మాయి